కోసి పారేసిన పన్నెండు నిమిషాలు

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకూ మీకూ మంచిది. అనంతపురంలో ఆ స్టూడియో మెట్లు ఎక్కుతున్నప్పుడు కూడా నేను కోపంగానే ఉన్నాను. ఎవరి మీద అని అడిగితే నవ్వకూడదు మరి, గొర్రెల మీద. మా చిన్నాయన చేతుల మీద పుట్టి, ఆయన భుజాలెక్కి వాగులు దాటిన గొర్రెలు, ఆయన గొంతు వినిపిస్తే కనీసం తలెత్తి చూడలేదు. ఇంత విశ్వాసం లేనితనం మనుషుల్లోనే ఉంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ.

చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. మడకశిర దగ్గర పల్లెలో ఉంటాడు. మూడో తరగతిలో పలక పక్కన పెట్టి గొర్రెల వెనక పోయినవాడు, అరవై దాటినా ఇంకా వాటి వెనకే ఉన్నాడు. మా వైపు వాన సంగతి తెలిసిందే కదా, కురిస్తే కురుస్తుంది, లేకుంటే లేదు. చేను ఎండిన ఏడు కూడా ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే గొర్రెల వల్లే. ఆయనకూ చిన్నమ్మకూ పిల్లలు లేరు. ఎవరైనా జాలిగా ఆ మాట మొదలుపెడితే, యాభై మంది ఉండారు లేప్పా, వాళ్ళను చూసుకునేదే కష్టంగా ఉండాది అని తుంచేసేవాడు.

పోయినేడు ఆయన గొంతు బొంగురుపోయింది. దుమ్ము అన్నాం, బీడీ అన్నాం, చలిగాలి అన్నాం. బెంగళూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాక గానీ అసలు సంగతి తెలియలేదు. గొంతులో గడ్డ, మంచిది కాదు. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేస్తే ప్రాణానికి భయం లేదు, కానీ ఆ తర్వాత మాట ఉండదు, మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి తీసుకోవాలి, ఈల కూడా వేయలేడు అని డాక్టరు నిదానంగా చెప్పాడు. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్నాయన ఒకటే అడిగాడు.

"మరి గొర్రెల్ని ఎట్ల పిలిచేది?"

డాక్టరు వేళాకోళం అనుకుని నవ్వాడు. మాకెవరికీ నవ్వు రాలేదు. మా పల్లెల్లో గొర్రెల మంద కర్రకు కాదు, పిలుపుకు వస్తుంది. ఒక్కొక్కరి పిలుపు ఒక్కో రకం. చిన్నాయనది నాలుక అంగిట్లో ఆడించి డుర్ర్ర్ అని మొదలవుతుంది, తర్వాత హో అని గుట్ట దాకా సాగుతుంది, చివర్లో బా బా బా అని కన్నడంలో పిలుస్తాడు. బీడు నిండా చెదిరిపోయిన మంద ఆ పిలుపు విని దారి పట్టి దొడ్డికి వచ్చేస్తుంది. రాలేదనుకోండి, చుట్టూ చెనక్కాయ చేలు. పక్కవాడి చేలో నాలుగు గొర్రెలు పడితే ఊరంతా పంచాయితీ. గొంతు లేని మనిషి గొర్రెలు మేపలేడు, అమ్ముకోవాలి. ఆ గొర్రెలు లేకపోతే మా చిన్నాయన పొద్దున లేచి ఎటు పోవాలో కూడా తెలియని మనిషి. అదీ మా భయం.

అప్పుడు నేను వీరనారిలా ముందుకొచ్చాను. హైస్కూల్లో తెలుగు చెబుతాను నేను. పిల్లలు ఫోన్లలో వినడానికి పాఠాలు రికార్డు చేద్దామని, దానికి రెండు నెలల ముందే చేతిలో ఇమిడే చిన్న రికార్డరు కొనుక్కున్నాను. నాలుగు పాఠాలు చేశానో లేదో, నాకు అన్నీ వచ్చేసినట్టు ఊహించుకున్నాను. చిన్నాయన పిలుపు రికార్డు చేసి పెడితే సరిపోతుంది కదా, మీట నొక్కితే గొర్రెలు వస్తాయి కదా అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆపరేషన్ ఇంకా ఐదు రోజులుంది. బొంగురుగానైనా పిలుపు పలుకుతూనే ఉంది, మంద వస్తూనే ఉంది.

ఆదివారం పోయాను. పోయేసరికి చిన్నాయన తలంటి పోసుకుని, నూనె పెట్టి దువ్వుకుని, పెళ్ళిళ్ళకు దాచుకున్న తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. రికార్డు అంటే మరి మాటలా. నేను రికార్డరు తీసి దొడ్డి గోడ మీద పెట్టి, ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతుంటే పని చేస్తున్నట్టా, ఆరకుండా వెలుగుతుంటే పని చేస్తున్నట్టా అన్నది గుర్తు రాక రెండు మూడుసార్లు నొక్కి, లైటు నిలకడగా వెలిగాక దాన్ని అక్కడే వదిలేసి కుర్చీ కోసం ఇంట్లోకి పోయాను. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ మీద బట్టల మూట. చిన్నమ్మ దాన్ని దించి, కుర్చీ తుడిచి ఇచ్చేలోపు బయట ఏదో గలాటా, కుక్క అరుపులు, చిన్నాయన కేకలు. తడిక కట్టు ఊడి నాలుగు గొర్రెలు బయటపడ్డాయట. నేను వచ్చి ఆయన్ను కసురుకున్నాను. గొంతంతా ఇప్పుడే అరిచి పోగొట్టుకుంటే రికార్డుకు ఏం మిగులుతుంది, కాస్త దాచిపెట్టు చిన్నాయనా అన్నాను. ఆయన తప్పు చేసిన పిల్లాడిలా నోరు మూసుకున్నాడు.

ఆ తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి, రెడీ అని, మూడు వేళ్ళు చూపించి, ఒక్కొక్కటే ముడిచి, స్టార్ట్ అన్నాను. చిన్నాయన రికార్డరుకు రెండు చేతులూ జోడించి నమస్కారం అన్నాడు. తన పేరు, ఊరి పేరు చెప్పాడు. అప్పుడు పిలిచాడు. పెళ్ళిచూపుల్లో అమ్మాయిని పాట పాడమంటే పాడినట్టు పిలిచాడు. తలుపు వెనక చిన్నమ్మ కిసుక్కుమంది. నాకు మాత్రం బ్రహ్మాండంగా అనిపించింది. ఇంకోసారి, ఇంకోసారి అంటూ నాలుగుసార్లు పిలిపించాను.

ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో తెరిచి చూశాను. మొదట పన్నెండు నిమిషాలు గీతలన్నీ ముళ్ళకంపలా ఉన్నాయి. అదంతా చెత్త అని ఒక్క దెబ్బకు కోసేశాను. మిగిలిన నాలుగు నిమిషాల్లో గాలి చప్పుడు, గంటల చప్పుడు ఉంటే, చప్పుడు తీసేసే మీట ఒకటుందిగా, అది నొక్కాను. తోమి బోర్లించిన గిన్నెలా వచ్చింది. దాన్ని ఫోన్లోకి ఎక్కించి, అసలుది కార్డు మీద అనవసరంగా చోటు తింటోందని తుడిచేశాను. ఆ రాత్రి ఎంత గర్వంగా నిద్రపోయానో నాకే తెలుసు.

ఆపరేషన్ బాగా జరిగింది. నెల దాటాక ఇంటికొచ్చాడు, మెడకు తెల్ల గుడ్డతో. అన్నాళ్ళూ గొర్రెలు దొడ్డిలోనే, వేసిన మేత మేస్తూ ఉన్నాయి. కాస్త కాళ్ళలో బలం వచ్చిన రోజు మందను బీడులోకి తోలి, సాయంత్రం నా ఫోన్‌కు చిన్న స్పీకరు తగిలించి మీట నొక్కాం. చిన్నాయన గొంతు బీడంతా వినిపించింది. గొర్రెలు మేస్తూనే ఉన్నాయి. రెండోసారి నొక్కాం. ఒక పొట్టేలు తలెత్తి, ఎవరో దారిన పోయేవాడనుకుని మళ్ళీ దించుకుంది. మూడోసారి ఆయనే నొక్కాడు. ఆ తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి, నా తల నిమిరాడు. చెంప మీద కొట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

చిన్నమ్మ పిలిస్తే సగం వచ్చాయి, సగం పక్క చేలో పడ్డాయి. పళ్ళెం వాయించి చూస్తే బెదిరి నాలుగు దిక్కులా పారిపోయాయి. వారం తిరిగేసరికి మూడు తగాదాలు. శుక్రవారం చిన్నమ్మ ఫోన్ చేసి, ఏడవకుండా, గట్టిగా చెప్పింది. సోమవారం సంతలో అమ్మేస్తామని, బేరగాడితో మాట కూడా అయిపోయిందని. మీ చిన్నాయన ఏమన్నాడు అని అడిగితే, ఆయన ఏమంటాడు పాపా అంది.

మా బడిలో డ్రాయింగ్ మాస్టారు భజనలు పాడతాడు. ఆయనే చెప్పాడు, అనంతపురంలో ఒక పెద్దాయన ఉన్నాడని, నలభై ఏళ్ళుగా హరికథలూ నాటకాలూ భజనలూ రికార్డు చేస్తున్నాడని, చెడిపోయిన రికార్డింగు ఏదైనా బాగు చేస్తాడని. శనివారం సెలవు పెట్టి, పెనుకొండ మీదుగా పోయే బస్సెక్కాను. దారి పొడవునా, ఈ గొర్రెలకు చెవుడు గానీ వచ్చిందా అని తిట్టుకుంటూనే ఉన్నాను. సౌండు పెంచి, కాస్త గుహలోంచి వచ్చినట్టు చేసి ఇవ్వమని అడుగుదామని అనుకున్నాను.

స్టూడియో అంటే అద్దాలూ ఏసీలూ ఊహించుకున్నాను. స్టీలు సామాన్ల అంగడి మీద మూడో అంతస్తులో ఒకే గది. గోడలకు నాలుగు వైపులా మా మడకశిర వైపు నేసే నల్ల కంబళ్ళు వేలాడదీసి ఉన్నాయి. తలుపు మూయగానే కింద బజారు మాయమైపోయింది, నా ఊపిరి నాకే వినపడింది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, పంచె మీద చొక్కా గుండీలు లేకుండా, ఒక పాత కుర్చీలో కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పటికే ఒకాయన ఉన్నాడు లోపల. తోపుడు బండి మీద చీపుర్లూ చాపలూ అమ్ముతాడట, బండికి కట్టుకునే మైకుపెట్టె కోసం తన కేక రికార్డు చేయించుకోవడానికి వచ్చాడు.

ఆ చీపుర్ల ఆయన ఊరికే మాట్లాడుతున్నాడు. పక్కవీధిలో ఇంకొకడు తన బేరాలన్నీ చెడగొడుతున్నాడట. వాడు మేకలా అరుస్తాడు సార్, నేనైతే ఇట్లా అరుస్తాను అని ఒక్క కేక పెట్టాడు. కంబళ్ళున్నా గది అదిరింది. పెద్దాయన తల ఊపుతూ విన్నాడు. ఇంకాసేపు వాడి మీద ఫిర్యాదులయ్యాక, చీపుర్ల ఆయన చొక్కా సర్దుకుని గొంతు సవరించుకుని, ఇక మొదలుపెడదామా సార్ అన్నాడు. అయిపాయ, పో అన్నాడు పెద్దాయన. చీపుర్ల ఆయన నోరెళ్ళబెట్టాడు. నేనూ అంతే.

నా వంతు వచ్చింది. సంగతంతా చెప్పి, ఫోన్ అందించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. పది లెక్కపెట్టేలోపే ఆపేశాడు.

"ఈయప్ప ఎవరితో మాట్లాడతాండాడమ్మా?"

గొర్రెలతో అన్నాను.

"కాదు. నీతో మాట్లాడతాండాడు. గొర్రెలు ఏల వస్తాయి?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన వదల్లేదు. రెడీ అన్నావా అని అడిగాడు. అన్నాను. వేళ్ళు చూపించినావా. చూపించాను. తెల్ల చొక్కా వేసుకున్నాడా. ఆ మాట ఆయనకెట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. నలభై ఏళ్ళలో రెడీ అనే మాట తన నోట రాలేదన్నాడు. రెడీ అనగానే ఉన్న మనిషి పోయి వేరే మనిషి వచ్చి కూర్చుంటాడట. అందుకే మనిషి మెట్లెక్కే చప్పుడు వినగానే రికార్డు నొక్కేస్తాడట, అది అయిపోయాక వాళ్ళకు వినిపించి, ఇది ఉంచాలా తీసేయాలా అని అడుగుతాడట.

ముందరిది ఏదీ అన్నాడు తర్వాత. కోసేశానని చెప్పాను. వినే కోసినావా అన్నాడు. వినలేదు సార్, గీతలు చూసి కోశాను అన్నాను.

"చెవులు ఇంట్లో పెట్టి వచ్చినావా?"

ఇక ఆగలేదు నాకు. గొంతు పోయిన మనిషి కోసం నాలుగు గంటలు బస్సులో పడి వచ్చాను, సాయం అడగడానికి వచ్చాను గానీ చీవాట్లు తినడానికి కాదు, నేనేమీ మీ దగ్గర పని నేర్చుకునే పిల్లను కాదు అని గబగబా అనేశాను. అనేసి లేచి నిలబడ్డాను కూడా. ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. అరవడం అయిందా అన్నట్టు చూసి, ఆ పన్నెండు నిమిషాల్లో ఏం జరిగిందో ఒక్కటి కూడా వదలకుండా చెప్పమన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాను. ఎర్ర లైటు, కుర్చీ, బట్టల మూట, తడిక ఊడడం. గొర్రెలు బయటపడ్డాయనీ, ఆయన కేకలేశాడనీ అనేసి, ఆ మాట నోట్లో ఉండగానే ఆగిపోయాను. గొర్రెలు బయటపడితే ఆయన ఏమని కేకేస్తాడు? పిలుస్తాడు. ఎవరూ చూడకుండా, రికార్డు అని తెలియకుండా, గొర్రెలనే పిలిచాడు. గోడ మీద లైటు వెలుగుతూనే ఉంది. నేను బయటికొచ్చి ఆయన్ను కసిరాను, దాచిపెట్టుకోమన్నాను. ఆ తర్వాత ఆ కేకలన్నిటినీ చెత్త అని పారేశాను. కూలబడినట్టు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. ఆ గొంతు ఇక భూమ్మీద ఎక్కడా లేదు, దాన్ని నా చేతుల్తో నేనే తుడిచేశాను.

పెద్దాయన మాత్రం కాళ్ళు కిందికి దించి చటుక్కున లేచాడు. కార్డు ఏదీ అన్నాడు. రికార్డరులోనే ఉంది, రికార్డరు సంచిలో ఉంది. తీయబోతే, దాన్ని ముట్టుకోవద్దు, మీటలేవీ నొక్కవద్దు అని తనే తీసుకుని కార్డు బయటికి లాగాడు. తుడిచేశాక దీని మీద ఇంకేమైనా చేసినావా అని అడిగాడు. ఆరు పాఠాలు చేశాను. ఆయన పళ్ళ మధ్య నుంచి గాలి పీల్చాడు. తుడిచేసింది ఎక్కడికీ పోదట, దాని మీద ఇంకొకటి వచ్చి కూర్చునేదాకా అక్కడే ఉంటుందట. నా ఆరు పాఠాలు ఎక్కడ కూర్చున్నాయో చూడాలన్నాడు.

కార్డును కంప్యూటరుకు తగిలించి ఏదో నడిపించాడు. తెర మీద ఒక పచ్చ గీత, నత్త నయం. ముప్పావు గంట పట్టింది. టీ తెప్పించాడు, నేను తాగలేదు. ఎన్ని మొక్కులు మొక్కుకున్నానో ఇప్పుడు చెబితే సిగ్గుచేటు. మధ్యలో ఒకసారి, నా వైపు చూడకుండా, తానూ ఒకటి చెరిపినానని అన్నాడు. టేపుల కాలంలో, పనిలో చేరిన కొత్తలో. అప్పుడు దాన్ని వెనక్కు తెచ్చే మిషన్లు లేవని మాత్రం అని ఊరుకున్నాడు. ఆయన మీద ఉన్న కోపం ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు.

ఒక్కొక్కటే బయటికి రావడం మొదలైంది. మొదటిది వినిపించాడు. నా గొంతే, పాఠం ముందు నాకు నేనే రెడీ, స్టార్ట్ అనుకుంటూ. రెండోది నాదే. మూడోదీ నాదే. నా గొంతంటే నాకే అసహ్యం పుట్టేలా ఉంది. నాలుగోదానికి ఆయన చెయ్యి ఆగింది.

మొదట గరగర. తర్వాత నా మాటే, ఇది వెలిగితే పనిచేస్తున్నట్టేనా ఏమిటో అని నాలో నేను గొణుక్కోవడం. అడుగులు దూరమయ్యాయి. గంటలు. ఒక గొర్రెపిల్ల అరుపు. చిన్నాయన దగ్గు, దాని వెనకే, అయ్యయ్యో దీని పాడుగాను, తడిక ఊడిపాయ అనే మాట. ఆ తర్వాత కుక్క అరుస్తుండగా, ఆ కంబళ్ళ గదిలో, డుర్ర్ర్ అని మొదలై, హో అని సాగి, బా బా బా అని మా చిన్నాయన పిలిచాడు. తెల్ల చొక్కా ఒంటి మీదే ఉంది గానీ గొంతులో లేదు, నమస్కారం లేదు. బొంగురు గొంతులో సగం కోపం, సగం ముద్దు. గంటలన్నీ ఒక్కసారిగా దగ్గరికి రావడం వినపడింది.

నేను బావురుమన్నాను. పెద్దాయన చెయ్యెత్తి, ఏడుపు తర్వాత, ముందు వినమ్మా అన్నాడు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి, నేను చూశాను. తొమ్మిదో నిమిషం దాటాక బరబరమని చప్పుడు, దాని మీద నా పాఠమేదో ఎక్కి కూర్చుంది. పోతే పోనీ. అప్పటికి ఆయన మూడుసార్లు పిలిచేశాడు. గుండెల మీద నుంచి బండ దించినట్టయింది, ఆకలి కూడా అప్పుడే వేసింది. చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేశాను.

నా బుద్ధి పోనిచ్చుకోకుండా, ఆ కుక్క అరుపు తీసేస్తారా సార్ అని అడిగాను. ఏదీ తీయనన్నాడు. ఆ కుక్క గొర్రెలకు తెలిసిన కుక్కే కదా, ఆ గంటలు వాటి మెడలోవే కదా అన్నాడు. ముందూ వెనకా కాస్త ఖాళీ వదిలి, ఆ మూడు పిలుపుల్లో మంచిది ఒకటి తీసి, తోపుడు బండ్ల వాళ్ళు కట్టుకునే మైకుపెట్టెలోనే ఎక్కించాడు. సంచిలా భుజానికి తగిలించుకునేది, పెద్ద మీట ఒకటే. ఎండకూ దుమ్ముకూ ఆగుతుందన్నాడు. మెట్ల దాకా వచ్చి ఒక్క మాట చెప్పాడు.

"నువ్వు నొక్కొద్దమ్మా. ఆయప్ప భుజానికే తగిలించు, ఆయప్పనే నొక్కనీ. గొంతు మనిషి దగ్గరినుంచే రావల్ల."

కాళ్ళకు దండం పెట్టాను. నేను అట్లా ఎవరికీ పెట్టే రకం కాదు.

మరుసటి రోజు ఆదివారం, పొద్దు వాలే వేళకు పల్లెకు చేరాను. మంద బీడులో చెదిరి ఉంది. చిన్నమ్మ బోరు దగ్గర మాకు వీపు తిప్పి కూర్చుని గిన్నెలు తోముతోంది. నీ ఆటలు చాలు పాపా, నేను చూడలేను అని నేను రాగానే చెప్పేసింది. చిన్నాయన పెట్టెను ఎగాదిగా చూసి, నా వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. బతిమాలి భుజానికి తగిలించాను. చొక్కా మార్చుకోబోతుంటే మాత్రం ఊరుకోలేదు, ఆ మాసిన బనియన్‌తోనే గట్టు మీదికి తోశాను. నాలుగడుగులు వెనక్కి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఆయన మీట నొక్కాడు.

గంటలు ఆగాయి. బీడంతా మేత నములుతున్న చప్పుడు కూడా ఆగింది. ముసలి గొర్రె ఒకటి తలెత్తి, చెవులు నిక్కించి, ఆయన వైపు నడక మొదలుపెట్టింది. దాని వెనక రెండు, వాటి వెనక పది. ఆ తర్వాత పిల్లలతో సహా మంద మొత్తం దుమ్ము లేపుకుంటూ గట్టు కేసి పరుగు. చిన్నాయన నోరు తెరిచి, దాన్ని మూయడం మరిచిపోయి నిలబడ్డాడు. హమ్మయ్య అని నేను నేల మీద కూర్చుండిపోయాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు ఆ మాట.

అప్పుడే బోరు దగ్గరినుంచి కేక వినపడింది.

"వస్తాండా, ఉండు!"

చిన్నమ్మ. గిన్నె చేతిలోంచి వదిలేసి, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ దొడ్డి వైపు గబగబా వస్తోంది. నలభై ఏళ్ళుగా సాయంత్రం ఆ పిలుపు వినగానే ఆమె ఎక్కడున్నా అట్లాగే బదులిచ్చి, తడిక తీయడానికి వస్తుందట. మేం గొర్రెల గురించి ఆలోచించాం గానీ ఆమె కూడా ఆ పిలుపుకే వస్తుందని మాకు తట్టలేదు. సగం దూరం వచ్చాక పెట్టె కనిపించింది ఆమెకు. నిలబడిపోయింది. చుట్టూ గొర్రెలు మోకాళ్ళకు రాసుకుంటూ పోతుంటే, ఆయన వైపే చూస్తూ నిలబడింది. కాసేపటికి వచ్చి తడిక తీసింది. మంద అంతా లోపలికి పోయింది. రేపు సంతకు పోయే మాట ఎవరూ ఎత్తలేదు.

ఆమె తడిక మూసి తాడు బిగిస్తోంది. చిన్నాయన గట్టు మీదే ఉన్నాడు. మళ్ళీ మీట నొక్కాడు. అన్నీ వచ్చేశాయి చిన్నాయనా, బయట ఒక్కటి కూడా లేదు అని నేను చెప్పబోయాను. చిన్నమ్మ ముడి వేయడం ఆపింది.

"వస్తాండానప్పా" అని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆయన దగ్గరికి నడిచింది.